చేపలు మునిగిపోయిన చెరువు

శవాలు తెల్లవారేసరికి తేలాయి.

మొదట ఒకటి. తర్వాత పది. ఎండ ఎక్కేసరికి లెక్కపెట్టడం మానేశారు.

ఇన్‌స్పెక్టర్ జీపు దిగి చూస్తే ఆమెకి చెరువు కనిపించలేదు. పొట్టలు కనిపించాయి. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, ఎవరో పరిచినట్టు, వెల్లకిలా తెల్లటి చేపల పొట్టలు. సర్వీసులో ఆమె చాలా శవాలు చూసింది. ఇన్నిటికి ఒకేసారి పంచనామా రాయించాల్సి రావడం ఇదే మొదలు.

వాసన ఇంకా మొదలవలేదు. మధ్యాహ్నానికి మొదలవుతుంది. ఈలోపే ఇంకేదో మొదలయ్యేలా ఉంది.

గట్టు మీద జనం మూగి ఉన్నారు. ముగ్గురు నలుగురి చేతుల్లో డీజిల్ క్యాన్లు. వాళ్ళు చెరువు వైపు చూడటం లేదు. పైన కూరగాయల తోటలో ఉన్న రేకుల షెడ్డు వైపు చూస్తున్నారు.

తోట, షెడ్డు తమ్ముడివి. చెరువు, దాని పక్కనున్న మూడు కోళ్ళ షెడ్లు అన్నవి. మధ్యలో ఒక పిల్లకాలువ. తోటలో మిగిలిన నీళ్ళు దాని గుండా చెరువులోకి దిగుతాయి. అన్నదమ్ముల మధ్య ఏడాదిగా రాకపోకలు సాగుతున్నది ఆ నీళ్ళకే.

అన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

"మా తమ్ముడు నా చెరువులో మందు కలిపాడు మేడం. కంప్లైంట్ ఇచ్చేశాను. మీవాళ్ళు వాణ్ణి తీసుకెళ్ళారు కూడా. ఇంకా మీరు చూడాల్సిందేముంది?"

"చేపల్ని చూద్దామని."

"చచ్చినవాటిని చూసి ఏం చేస్తారు?"

"నా ఉద్యోగమే అది."

హెడ్ కానిస్టేబుల్ ఫైలుతో పరిగెత్తుకొచ్చాడు. అతను స్టేట్‌మెంట్లు రాస్తే అచ్చం తామ్రశాసనంలా ఉంటాయి. అందుకే స్టేషన్లో అందరూ అతన్ని గ్రాంథికం అంటారు. అతనికి ఆ పేరంటే లోపల్లోపల గర్వం.

"కేసు గట్టిది మేడం. ప్రత్యక్ష సాక్షి ఉన్నాడు. చెరువు వాచ్‌మన్. పెద్దాయన అల్లుడే స్టేషన్‌కి తెచ్చాడు."

ఆమె చదివింది. 'నిన్న సాయంకాలము ముద్దాయి చెరువుగట్టుపై మందు కొట్టుచుండగా నేను కన్నులారా చూచితిని.'

"వాచ్‌మన్ కన్నులారా అన్నాడా?"

"చూశానన్నాడు మేడం. కన్నులారా నేను కలిపాను. కోర్టులో నిండుగా ఉంటుందని."

"ఇంకేం కలిపావు?"

"ఇంకేం లేదు మేడం. బెదిరింపు కూడా ఉంది. పోయినవారం పదిమందిలో తమ్ముడు అన్నతో, 'నీ చేపలన్నీ ఒకరోజున తేలకపోతే నన్నడుగు' అన్నాడట. నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు పెడితే, రిమాండే."

అన్ని వైపులా సరిపోయిన కేసు. బిగుతుగా కుట్టిన జాకెట్టులాంటి కేసు. ఇన్‌స్పెక్టర్‌కి అలాంటివి ఒంటికి పట్టవు.

ఆమె గట్టు వెంట నడిచింది.

తేలినవన్నీ పెద్ద చేపలే. అరచేయంతవి, మోచేయంతవి. నోళ్ళు బార్లా తెరిచి ఉన్నాయి. మొప్పలు విచ్చుకుని ఉన్నాయి. ఒడ్డున, గడ్డి వేళ్ళ దగ్గర వేలెడంత చేపపిల్లలు మాత్రం తిరుగుతున్నాయి. నీరసంగా, కానీ ప్రాణాలతో.

విషానికి పెద్దా చిన్నా తేడా ఉంటుందా? ఉంటే ముందు చావాల్సింది పిల్లలు కదా?

నీళ్ళు బాగా మరిగిన టీ డికాషన్ రంగులో ఉన్నాయి. గట్టుకి అంటుకున్న చార మాత్రం చిక్కటి పచ్చరంగు.

గాలి చక్రాలు రెండు ఒడ్డున ఎండుతున్నాయి. నీళ్ళని చిలికి గాలి కలపాల్సిన యంత్రాలవి. వాటి మీద ఎవరిదో లుంగీ ఆరేసి ఉంది.

చక్రాల వెనక ఒక ప్లాస్టిక్ టబ్బు బోర్లించి ఉంది. బూటుతో దాన్ని తిరగేసింది. అడుగున నీలంరంగు మరక, గుండ్రంగా.

అంతలో నీళ్ళు కదిలాయి.

చచ్చిన చేపల సందులోంచి నల్లటి తల ఒకటి పైకొచ్చింది. గుటుక్కున గాలి మింగింది. కిందికి పోయింది. దూరంగా ఇంకొకటి. మళ్ళీ ఇంకొకటి.

కొర్రమీనులు.

ఆమె ఫోన్ తీసి మత్స్యశాఖ అధికారికి చేసింది. ఆయన జలుబుతో ఇంట్లో ఉన్నాడు. శాంపిల్ పంపితే రిపోర్టుకి మూడు వారాలన్నాడు.

"మూడు వారాలు నా దగ్గర లేవు. మూడు ప్రశ్నలున్నాయి."

అడిగింది. అటువైపు ముక్కు చీదిన చప్పుడు. తర్వాత మూడు జవాబులు. ఆమె ఏదీ రాసుకోలేదు.

అన్నగారి అల్లుడు ఆమె కోసమే ఎదురుచూస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, పొడుగు చేతులు, మణికట్టు దాకా గుండీలు. రోడ్డు మీద అతనికి మందుల షాపు ఉంది. మనుషుల మందులు కావు. ఎరువులు, పురుగుమందులు, చేపల మేత.

"మామయ్యకి బీపీ మేడం. ఏదైనా నన్నడగండి."

"చెరువు ఎవరు చూసుకుంటారు?"

"నేనే. మేత దగ్గర్నుంచి అన్నీ. మామయ్యకి పాతకాలం పద్ధతులు. చెరువుని పచ్చగా మార్చింది నేనే. నీళ్ళు ఎంత పచ్చగా ఉంటే చేప అంత ఎదుగుతుంది."

"ఎలా మార్చావు?"

"కోళ్ళ పెంట. మూడు షెడ్లది నేరుగా చెరువులోకే. అటు షెడ్డు శుభ్రం, ఇటు చేపకి తిండి. వేస్టనేదే లేదు."

"గాలి చక్రాలు?"

"పచ్చనీళ్ళే గాలి పుట్టిస్తాయి మేడం. కరెంటు దండగ."

"ఇప్పుడు పచ్చగా లేవే?"

"అదే మేడం, చిన్నమామయ్య చేసిన ఘోరం. నిన్న పొద్దున్నే రంగు మారడం మొదలైంది. నేను అప్పుడే అనుకున్నాను, ఏదో జరుగుతోందని."

"నిన్న పొద్దున్నా?"

"పొద్దున్నే. నా కళ్ళతో చూశాను."

ఆమె తలూపింది. అంతే.

*

స్టేషన్లో ముందుగదిలో బెంచీ మీద తమ్ముడి భార్య కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఆవిడ మొహం చూస్తే ఏడుపు కంటే లెక్క తేల్చడమే వచ్చిన మనిషిలా ఉంది. లోపలిగది తలుపుకి ఎదురుగా, కొలిచి వేసుకున్నట్టు కూర్చుంది.

లోపల తమ్ముడు. మెడలో తువ్వాలు. మాట్లాడినప్పుడల్లా దాన్ని మూతికి అడ్డం పెట్టుకుంటున్నాడు.

"నిన్న సాయంత్రం మీ అన్న చెరువు గట్టు మీదున్నావా?"

"ఉన్నాను."

"ఏం చేస్తున్నావు?"

"కూర్చున్నాను."

"ఊరికేనా?"

అతని చూపు తలుపు మీదికి పోయింది. తలుపు అవతల బెంచీ. బెంచీ మీద భార్య.

"ఊరికే."

"చేతిలో ఏముంది?"

"ఏమో మేడం. గుర్తులేదు."

"ఇది చిన్న కేసు కాదు. పదిమంది తినే చేపలు. విషం కలిపావని రుజువైతే ఏళ్ళు పడుతుంది బయటికి రావడానికి."

"పడితే పడనీయండి."

"నువ్వు కలిపావా?"

"లేదు."

"మరి ఏం చేశావో చెప్పు. ఈ పూటే ఇంటికి పోతావు."

ఇంటికి అన్న మాట వినగానే అతని మొహం ఇంకా పాలిపోయింది.

"ఇక్కడే బాగుంది మేడం."

ఆమె లేచి తలుపు వేసింది. అతను ఆ వేసిన తలుపునే భయంగా చూశాడు.

"ఆవిడ చెవులు మీకు తెలీదు," అన్నాడు తువ్వాలులోంచి.

ఫోన్ మోగింది. గ్రాంథికం. అతని గొంతులో ఇప్పుడు గ్రాంథికం లేదు.

"మేడం, వాసన మొదలైంది. జనం ఆగేలా లేరు. షెడ్డు వైపు నడుస్తున్నారు. మేం ఇద్దరమే ఉన్నాం."

"షెడ్డులో ఏముంది?" ఆమె తమ్ముణ్ణి అడిగింది.

తువ్వాలు జారిపోయింది. "ట్రాక్టరు. యూరియా బస్తాలు. పడుకోబెట్టిన మా పాలేరు, మేడం. జ్వరం వాడికి."

ఆమె అప్పటికే లేచింది.

"ఎక్కు జీపు."

"నన్నా? నన్ను చూస్తే చంపేస్తారు."

"అందుకే. నిన్ను చూస్తే షెడ్డు వదిలేస్తారు."

వెనకసీట్లో అప్పటికే ఒకరు కూర్చుని ఉన్నారు. తమ్ముడి భార్య. ఎవరూ రమ్మనలేదు. దిగమని చెప్పే ధైర్యం డ్రైవరుకి లేకపోయింది.

*

జీపు మట్టిరోడ్డు మీద ఎగిరెగిరి పడుతూ వెళ్ళింది. ముక్కులకి ముందు వాసన తగిలింది, తర్వాత అరుపులు వినిపించాయి.

జనం షెడ్డుని చుట్టేశారు. గ్రాంథికం తలుపుకి అడ్డంగా, చేతులు చాచి నిలబడి ఉన్నాడు. టోపీ లేదు. ఒకడు క్యాన్ మూత తీస్తున్నాడు.

ఇన్‌స్పెక్టర్ హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు.

అందరూ తిరిగారు. జీపులో తమ్ముడు. అనుకున్నట్టే షెడ్డు వదిలేసి గుంపంతా ఇటు మళ్ళింది.

ఆమె జీపు తలుపు తెరిచి, మెట్టు మీద నిలబడింది.

"ముద్దాయిని తెచ్చాను. సాక్షి ఎక్కడ? మీ ముందే అడుగుతాను. సాక్షి అవునంటే నేను పక్కకి తప్పుకుంటాను."

గ్రాంథికం గుండె ఆగినంత పనైంది. గుంపు మాత్రం ఆగింది. వినోదం దొరుకుతుందంటే కోపం కాసేపు కూర్చుంటుంది.

అందరూ చెరువు గట్టు మీదికి నడిచారు. అన్న కుర్చీ అక్కడే ఉంది. అల్లుడు ఆయన వెనక నిలబడ్డాడు. వాచ్‌మన్‌ని ముందుకి తోశారు.

"నిన్న సాయంత్రం చిన్నయ్యగారిని చూశావా?"

"చూశానమ్మా."

"ఏం చేస్తున్నాడు?"

"మందు కొడుతున్నాడమ్మా."

గుంపులో గొణుగుడు లేచింది. ఆమె చెయ్యెత్తింది.

"మాటలొద్దు. ఎలా కొడుతున్నాడో చేసి చూపించు."

వాచ్‌మన్ అయోమయంగా చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళని చూశాడు. మెల్లగా గట్టు మీద చతికిలబడ్డాడు. ఎడంచేత్తో లేని గ్లాసు పట్టుకున్నాడు. కుడిచేత్తో లేని సీసా వంచాడు. గ్లాసు ఎత్తి, కళ్ళు మూసుకుని, గొంతులో పోసుకున్నాడు. మూతి తుడుచుకున్నాడు.



ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు గట్టు పొడుగునా పాకింది. క్యాన్ మూత తీసినవాడు మళ్ళీ పెట్టేశాడు.

"వీపున స్ప్రేయరు లేదా?" ఆమె అడిగింది.

"స్ప్రేయరు దేనికమ్మా, సీసా ఉండగా?"

గ్రాంథికం తన ఫైలుని వీపు వెనక దాచుకున్నాడు.

జీపు దగ్గర్నుంచి ఒక గొంతు వినిపించింది. నెమ్మదిగా, స్పష్టంగా.

"మానేశానన్నావు."

తమ్ముడు అటు తిరగలేదు.

"తాగితే తాగాడు," అన్న కుర్చీలోంచి లేచాడు. "తాగినవాడు విషం కలపకూడదని ఉందా? నా చేపల్ని ఎవరు చంపినట్టు మరి?"

"విషం కాదు," ఆమె అంది. "మీ చేపలు మునిగిపోయాయి."

ఎవరూ నవ్వలేదు. వేళాకోళమో కాదో వాళ్ళకి తెలీలేదు.

"అటు చూడండి."

నీళ్ళలో నల్లటి తల పైకొచ్చింది. గాలి మింగింది. మునిగింది.

"విషం అన్నిటినీ చంపుతుంది. ముందు పిల్లచేపల్ని చంపుతుంది. ఇక్కడ పిల్లలు బతికున్నాయి. కొర్రమీనులు బతికున్నాయి. కొర్రమీను పైకొచ్చి మనలాగే గాలి పీలుస్తుంది. మిగతా చేపలకి గాలి నీళ్ళలోంచే రావాలి. నీళ్ళలో గాలి లేదు. ఒళ్ళు పెద్దవాటికి ఎక్కువ గాలి కావాలి, ముందు అవే పోయాయి. తెల్లవారుజామున ఇవెలా ఉన్నాయి?" వాచ్‌మన్‌ని అడిగింది.

"తలలన్నీ పైకి పెట్టి నోళ్ళు తెరుస్తున్నాయమ్మా. ఏదో చెప్పబోతున్నట్టు."

"గాలి అడిగాయి. ఇచ్చే నాథుడు లేడు. చక్రాల మీద లుంగీ ఆరుతోంది."

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "పచ్చనీళ్ళలో గాలి ఎందుకు పోతుంది మేడం? ఆ పచ్చటి పాచే పగలంతా గాలి ఇస్తుంది. నేను చదివాను."

"బతికున్న పాచి ఇస్తుంది. చచ్చిన పాచి కుళ్ళుతుంది. కుళ్ళుతూ ఉన్న గాలంతా తాగేస్తుంది. నిన్న పొద్దున్నే నీళ్ళ రంగు మారిందని నువ్వే చెప్పావు. అంటే పాచి చచ్చింది. చిన్నమామయ్య గట్టెక్కింది నిన్న సాయంత్రం. సాయంత్రం కలిపిన విషం పొద్దున రంగు ఎలా మారుస్తుంది?"

అతను మణికట్టు దగ్గర గుండీ పట్టుకున్నాడు.

"నీ షాపులో పాచిని చంపే మందు ఉంటుంది కదా? నీలం గడ్డలు. మైలుతుత్తం."

"అయిపోయింది మేడం."

"ఎప్పుడు?"

అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"చొక్కా చేతులు మడుచు."

"మేడం, అది..."

"మడవరా," అన్న అన్నాడు. అల్లుణ్ణి ఆయన రా అనడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

గుండీలు విడివడ్డాయి. మోచేతుల దాకా చర్మం మీద నీలం చారలు. సబ్బుకి లొంగని రంగు.

"చేపల వ్యాపారి వచ్చి వాసన చూశాడు మామయ్యా," అల్లుడు నేల చూస్తూ అన్నాడు. "పాచి కంపు కొడుతున్నాయి, వద్దన్నాడు. వారంలో మళ్ళీ వస్తానన్నాడు. నీళ్ళు శుభ్రం చేద్దామని మొన్న చెరువంతా ఒకేసారి చల్లేశాను. కొంచెం కొంచెంగా, మూల మూలగా చల్లాలని డబ్బా మీద ఉంది. టైం లేదు కదా అని..."

"చేపలు చచ్చాక?" అన్న అడిగాడు.

"మీకు చెప్పాలంటే భయమేసింది. వాచ్‌మన్ చిన్నమామయ్యని చూశానన్నాడు. మందు కొట్టాడన్నది ఏ అర్థంలోనో నాకు తెలుసు. మీరు అనుకున్నది కాదని కూడా తెలుసు. ఊరుకున్నాను."

"ఊరుకోలేదు. సాక్షిని స్టేషన్‌కి తెచ్చింది నువ్వే," ఇన్‌స్పెక్టర్ అంది. "జీపెక్కు."

అన్న మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. తమ్ముడు తువ్వాలు తీసేశాడు. ఇక దాచాల్సిందేం లేదు కాబట్టి కొంచెం ధైర్యం వచ్చింది.

"నేను పోయినవారమే చెప్పాను. అంత కోళ్ళ పెంట పోస్తే ఒకరోజున అన్నీ తేలతాయని. నా మాట ఎవరు విన్నారు?"

"బాగా చెప్పావు," ఇన్‌స్పెక్టర్ అతని వైపు తిరిగింది. "తోటలో ఒక బస్తా వెయ్యాల్సిన చోట యూరియా ఎంత వేస్తావు?"

"రెండు. కాపు బాగుంటుందని అందరూ..."

"మొక్కలు ఒక బస్తానే తింటాయి. రెండోది ఎటు పోయింది?"

తమ్ముడు జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. అతని చూపు మడుల మీదుగా, గట్టు మీదుగా, పిల్లకాలువ వెంట దిగి, నేరుగా చెరువులో పడింది. నోరు మూశాడు.

"కాలువ సంగతి కూడా మీ అన్నకి చెప్పావా?"

"అది తట్టలేదు మేడం."

"పాచిని మీ ఇద్దరూ కలిసి మేపారు. ఏడాదిగా మీరు కలిసి చేసిన పని అదొక్కటే."

గుంపు పలచబడసాగింది. వాళ్ళలో చాలామందికి తోటలున్నాయి. చాలామంది రెండో బస్తా వేసినవాళ్ళే.

"తూము ఎత్తేస్తాను," అన్న లేచాడు. "ఈ చచ్చిన నీళ్ళు కిందికి వదిలేసి కొత్తనీళ్ళు పడతాను."

"కింద ఏముంది?"

ఆయన ఆలోచించాడు. కింద ఏముందో ఆయన ఎప్పుడూ అడగలేదు. కిందికి అంటే కిందికే.

"ఊళ్ళు," అన్నాడు చివరికి.

"తూము మీద చెయ్యి వేస్తే మిమ్మల్ని కూడా జీపెక్కిస్తాను. ముందు చేపల్ని తీసి పూడ్చండి. సున్నం చల్లి, లోతుగా, నీళ్ళకి దూరంగా."

అన్న చుట్టూ చూశాడు. తమ్ముడి మొహం తప్ప అంతా చూశాడు.

"నా వైపు షెడ్లు అడ్డం," అన్నాడు గాలితో చెబుతున్నట్టు. "గుంట పైన తవ్వాలి."

"బీర పాదు ఉంది అక్కడ," అన్నాడు తమ్ముడు, అదే గాలితో. తువ్వాలు తలకి చుట్టుకుని, "పీకేస్తాలే," అన్నాడు.

డీజిల్ క్యాన్లు తెచ్చినవాళ్ళని ఇన్‌స్పెక్టర్ వదల్లేదు. పేర్లు తీసుకుంది. ఆ డీజిలు గుంట తవ్వే పొక్లెయిన్‌లో పోయించింది.

గ్రాంథికం జీపు బానెట్ మీద కాగితం పెట్టుకున్నాడు.

"అల్లుడుగారిది తప్పుడు సాక్ష్యం మేడం, రాసేశాను. కోళ్ళ పెంట మీద, రెండో బస్తా మీద ఏ సెక్షన్ వెయ్యమంటారు?"

"నా దగ్గరున్న పుస్తకంలో లేదు. కాలుష్య నియంత్రణ ఆఫీసుకి రాయి."

"చిత్తం. 'ఉభయులును చెరువునందు మందు...'"

"ఆగు. ఆ మాట కొట్టెయ్."

"ఏ మాట మేడం?"

"మందు. పంటకి వేసేదీ మందే, పురుగుని చంపేదీ మందే, జ్వరానికి మింగేదీ మందే, గట్టు మీద కూర్చుని కొట్టేదీ మందే. బలమో విషమో తెలీకుండా ఇన్నాళ్ళూ ఒకే మాటతో గడిపేశాం. దేని పేరు దానికి రాయి. యూరియా. కోళ్ళ పెంట. మైలుతుత్తం."

"నాలుగోది?"

"అది నీ ఫైలులోది కాదు. వాళ్ళింటిది."

తమ్ముణ్ణి వదిలేశారు. చేతులు ఖాళీ. కేసు లేదు. మట్టిదారి చివర భార్య నిలబడి ఉంది. కొంగు బిగించి దోపుకుంది. ఇంటివైపు తిరిగి, అతను పక్కకి వచ్చేదాకా నడవకుండా ఆగింది.

అతను రెండడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి జీపు దగ్గరికి వచ్చాడు.

"మేడం," అన్నాడు గొంతు తగ్గించి, "నన్నడగాల్సిన ప్రశ్నలు ఇంకేమన్నా మిగిలాయా?"